మేడ మీది ఎలక్ట్రిక్ కిల్న్: చెన్నైలో కొన్నేళ్లు వాడాక

వేళచ్చేరిలో మా మేడ మీది గదిలో ఈ కిల్న్, అంటే మట్టి కుండలు కాల్చే కరెంటు బట్టీ, కొన్నేళ్లుగా నడుస్తోంది. మూత పైకి తెరుచుకునే రకం, సింగిల్ ఫేజ్, ఐదున్నర కిలోవాట్లు. 1280 డిగ్రీల దాకా వెళ్తుందని ప్లేటు మీద రాసుంది. వెళ్తుంది, వోల్టేజి బాగుంటే. ఎండాకాలం రాత్రి వీధంతా ఏసీలు వేసుకునే వేళకి 230 కాస్తా 200కి దిగుతుంది. ముప్ఫై వోల్టులేగా అనుకుంటాం. కానీ లోపల వేడెక్కే తీగచుట్ట, అదే కాయిల్, ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే దాదాపు నాలుగో వంతు పోయినట్టే. గ్లేజు (కుండ మీద గాజులా మెరిసే పూత) కరగాల్సిన 1220 దగ్గరికొచ్చేసరికి అంకె కదలదు. అందుకే వేసవిలో తెల్లవారుజామునే మొదలుపెడతాను.

అమర్చడానికి వచ్చినతను పదిహేను ఆంపియర్ల ప్లగ్గు చాలన్నాడు. ఇది లాగేది ఇరవైనాలుగు! మా ఎలక్ట్రీషియన్ ఒప్పుకోలేదు. మెయిన్ బోర్డు నుంచి విడిగా లైను లాగి, 32 ఆంపియర్ల ఎంసీబీ, మంచి ఎర్త్ పెట్టాడు. గోడకి అడుగున్నర దూరం వదిలాం. బిస్క్, అంటే గ్లేజు పూయకముందు మొదటిసారి, కాల్చేటప్పుడు మట్టిలోని చెత్తా గంధకమూ కాలి పొగ వస్తుంది. అందులో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది కాబట్టి కిటికీలు తెరిచి ఎగ్జాస్ట్ వేయాల్సిందే.

కాయిల్ కాంథాల్ అనే మిశ్రలోహపు తీగ. ఒకసారి కాలాక, చల్లగా ఉన్నప్పుడు ముట్టుకుంటే అప్పడంలా విరుగుతుంది. కిల్న్ గోడలోని గాడిలోంచి జారిన చుట్టని వేలితో తోయొద్దు. గాడుల్లో దుమ్ము తీయాలంటే ఎంసీబీ ఆపి, మాస్కు పెట్టుకుని, వాక్యూమ్‌తోనే. చీపురుతో ఊడిస్తే సిలికా గాల్లోకి లేస్తుంది. లోపల కుండలు పెట్టే షెల్ఫులకి చైనా క్లే, అల్యూమినా సగం సగం కలిపి పూస్తే కారిన గ్లేజు ఉలితో ఊడొస్తుంది. ఆ పెంకులు గాజు ముక్కలే, కళ్లద్దాలు తప్పనిసరి.

అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లోనే అసలు టెన్షన్. కుండ పైకి ఆరినట్టే ఉంటుంది, చెంపకి ఆనిస్తే చల్లగా తగులుతుంది. అంటే లోపల నీళ్లున్నట్టే. తొందరపడితే ఆవిరికి పగిలి పక్కవాటినీ పాడుచేస్తుంది. నేను వేడిని 90 డిగ్రీల దగ్గరే రాత్రంతా నిలిపి ఉంచుతాను.

నేర్చుకోవడానికి వచ్చే పిల్లలు "ఇంకా తెరవలేదా అక్కా?" అని నస పెడతారు. వంద లోపు దిగేదాకా నేను మూత ఎత్తను. మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం చల్లారేటప్పుడు 573 దగ్గర ఒక్కసారిగా కుంచించుకుంటుంది, అప్పుడు చల్లగాలి తగిలితే చీలికే.

వస్తువు మంచిదే, సర్వీసే నత్తనడక. కొనేవాళ్లు మీ ఇంటి శాంక్షన్డ్ లోడ్ (కరెంటు కనెక్షన్‌కి మంజూరైన కిలోవాట్లు) చూసుకోండి, కాయిల్స్ సెట్టు ఒకటి అదనంగా కిల్న్‌తోనే తెప్పించుకోండి.