న్యూ ఆర్లీన్స్ వార్ మ్యూజియం - ట్యాంకుల కన్నా వంటిల్లే ఎక్కువ నచ్చింది

న్యూ ఆర్లీన్స్ వెళ్తే మనవాళ్ళు ఫ్రెంచ్ క్వార్టర్‌లో రెండు ఫోటోలు దిగి, బెన్యేలు తిని, సాయంత్రానికల్లా హ్యూస్టన్ దారి పట్టేస్తారు. మ్యాగజీన్ స్ట్రీట్‌లో ఉన్న నేషనల్ వరల్డ్ వార్ టూ మ్యూజియంకి పేరెంట్స్‌ని తీసుకెళ్ళొచ్చా, బోర్ కొడుతుందా అని మా వాట్సాప్ గ్రూపులో ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు కాబట్టి ఒకేసారి రాసి పడేస్తున్నా. నేను వెళ్ళింది కాకినాడ నుంచి వచ్చిన మా మావయ్యగారితో. తీసుకెళ్ళండి, కానీ పూర్తి రోజు పెట్టుకోండి, మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి గంటలో తిరిగొచ్చేద్దాం అనుకుంటే డబ్బులు దండగ.

ఇంత పెద్ద మ్యూజియం వాషింగ్టన్‌లో కాకుండా ఇక్కడెందుకు పెట్టారంటే కారణం పడవలు. ఆండ్రూ హిగ్గిన్స్ అనే ఆయన ఫ్యాక్టరీలు ఈ ఊళ్ళోనే ఉండేవి, లూసియానా చిత్తడి నేలల్లో తిరగడానికి చేసిన పడవ డిజైన్‌నే మార్చి ముందువైపు తలుపు కిందకి పడేలా చేశాడు, సైనికులు దాని మీంచి నేరుగా ఒడ్డుకి దూకేస్తారన్నమాట. 36 అడుగుల పడవ, 36 మంది పడతారు, చాలావరకు ప్లైవుడ్! ఆయన కంపెనీ అన్ని రకాలూ కలిపి 20 వేలకి పైగా పడవలు చేసింది. డీ-డే రోజు, అంటే 1944 జూన్ 6న, ఫ్రాన్స్‌లోని నార్మండీ ఒడ్డున అమెరికా సైన్యం దిగింది చాలావరకు ఈ పడవల్లోనే, అందుకే ఈ మ్యూజియం 2000 జూన్ 6న డీ-డే మ్యూజియం పేరుతో మొదలైంది, తర్వాతే మొత్తం యుద్ధానికి విస్తరించింది. మొదటి బిల్డింగ్‌లోనే ఆ పడవ ఉంటుంది, దగ్గరికెళ్ళి చూస్తే దీంట్లోనా వెళ్ళింది అనిపిస్తుంది.

ఇక అసలు విషయం. అందరూ విమానాలూ ట్యాంకులూ చూడ్డానికి పరిగెడతారు గానీ నన్నడిగితే ముందు ఆర్సెనల్ ఆఫ్ డెమోక్రసీ గ్యాలరీకి వెళ్ళండి, ఇది ఇంటి దగ్గరున్న అమెరికా కథ. 1940ల నాటి ఇల్లు ఒకటి కట్టి పెట్టారు, హాలు, వంటిల్లు అన్నీ. మావయ్యగారు అక్కడ ఆగిపోయారు, కదల్రే. రేషన్ బుక్ దగ్గర నిలబడి "ఉండండి అల్లుడుగారూ, ఇది మన చౌక డిపో కార్డే కదండీ" అని ఒకటే ఆశ్చర్యం. నిజంగానే అంతే. తిండి సరుకుల రేషన్ 1942 మేలో పంచదారతో మొదలుపెట్టారు, మనిషికి వారానికి అరపౌను, ఏడాది చివరికి కాఫీ, 1943లో మాంసం, వెన్న, చీజ్. డబ్బులుంటే చాలదు, పాయింట్లు కూడా ఉండాలి, మాంసానికి ఎర్ర స్టాంపులు, డబ్బా సరుకులకి నీలం. వేపుడు చేశాక మిగిలిన కొవ్వు పారబొయ్యకూడదు, డబ్బాలో దాచి మాంసం కొట్టువాడికిస్తే పౌనుకి 4 సెంట్లిచ్చేవాడు, తర్వాత్తర్వాత ఎర్ర పాయింట్లు కూడా. ఎందుకంటే దాంట్లోంచి గ్లిజరిన్ తీసి పేలుడు పదార్థాలు చేసేవాళ్ళు. మూకుడులో మిగిలింది బాంబులోకి వెళ్ళిందంటే మా ఆవిడ ఫోన్లో అస్సలు నమ్మలేదు.

పెట్రోలు కథ ఇంకా బావుంటుంది. రేషన్ పెట్టింది పెట్రోలు లేక కన్నా టైర్లు మిగల్చడానికే ఎక్కువ, మలయా వైపు రబ్బరు తోటలన్నీ జపాన్ చేతికి పోయాయి కదా. మామూలు కుటుంబం కారుకి 'A' అక్షరం స్టిక్కర్, వారానికి మూడు నాలుగు గ్యాలన్లు, స్పీడు 35 మైళ్ళు దాటకూడదు, కొత్త కార్లు 1942 ఫిబ్రవరి నుంచి తయారీయే ఆపేశారు. కార్లు చేసే ఫోర్డ్ వాళ్ళేమో విల్లో రన్ ఫ్యాక్టరీలో గంటకో బాంబర్ విమానం దించే స్థాయికి వెళ్ళారు. హ్యూస్టన్ నుంచి 75 మైళ్ళ స్పీడులో తోలుకుంటూ వచ్చిన నాకు ఆ 35 చూసి నవ్వొచ్చింది.

మెచ్చుకోవాల్సిందేంటంటే సొంత డప్పు ఒక్కటే కొట్టుకోలేదు. 1942 ఫిబ్రవరిలో అధ్యక్షుడు రూజ్వెల్ట్ సంతకంతో సుమారు 1,20,000 మంది జపనీస్ మూలాలవాళ్ళని ఇళ్ళు ఖాళీ చేయించి క్యాంపుల్లో పెట్టారు, వాళ్ళలో ఎక్కువమంది అమెరికా పౌరులే. అమ్మానాన్న ముళ్ళకంచె వెనక ఉంటే కొడుకు జపనీస్ మూలాలవాళ్ళతోనే కట్టిన 442వ రెజిమెంట్‌లో చేరి ఇటలీలో అమెరికా తరఫున పోరాడాడు! నల్లజాతి సైనికులకి విడి యూనిట్లు. ఇవన్నీ ఉన్నాయి ఇక్కడ.

యుద్ధం వైపు రెండు గ్యాలరీలు, రోడ్ టు బెర్లిన్, రోడ్ టు టోక్యో. బెల్జియం వైపు ఆర్డెన్స్ అడవి మంచు, పసిఫిక్‌లోని గ్వాడల్‌కెనాల్ దీవి అడవి సెట్టింగులు వేశారు, బాగా వేశారు. టోక్యో వైపు మన అస్సాం నుంచి హిమాలయాల మీదుగా చైనాకి సరుకు మోసిన విమానాల కథ కూడా వస్తుంది. 1942 ఏప్రిల్ 6న వైజాగ్ మీదా కాకినాడ మీదా జపాన్ బాంబులు పడ్డ సంగతి మావయ్యగారు అక్కడే ఎత్తుకున్నారు, వాళ్ళ నాన్నగారు చెప్పేవారట జనం మూటలు కట్టుకుని పల్లెలకి పోయారని. అది ఇక్కడ వెతక్కండి, అమెరికా వాళ్ళ మ్యూజియం అమెరికా కళ్ళతోనే చెప్తుంది, ఫీలవ్వక్కర్లేదు. విమానాల హాల్లో పైనుంచి వేలాడే బి-17 బాంబర్ ఉంది, మై గాల్ సాల్ అని పేరు, 1942లో గ్రీన్‌లాండ్ మంచు మీద పొట్ట ఆనించి దించేశారు, మనుషులంతా బతికారు, విమానం మాత్రం అర్ధశతాబ్దం అక్కడే పడుంది. పై వంతెనల మీంచి చూడండి, ఎత్తు భయం ఉన్నవాళ్ళు కిందే ఆగండి.

టాంగ్ అనే అమెరికా సబ్‌మెరైన్ కథ చెప్పే షోకి టికెట్ విడిగా కొనాలి. అందులో పనిచేసిన ఒక్కొక్కరి పేరుతో ఉన్న కార్డు మీ చేతికిస్తారు. 1944 అక్టోబర్‌లో అది వదిలిన ఆఖరి టార్పెడో గిరుక్కున తిరిగొచ్చి దాన్నే కొట్టింది, 87 మందిలో బతికింది 9 మంది. ఆ కార్డు మీద ఉన్నాయన ఏమయ్యాడో చివర్లో చూసుకోవాలి. టామ్ హాంక్స్ గొంతుతో నడిచే 4డి సినిమా కూడా ఉంది, కుర్చీలు ఊగుతాయి, మంచు పడుతుంది, పిల్లలకి నచ్చుతుంది గానీ మరీ చిన్నవాళ్ళు ఆ చప్పుళ్ళకి ఏడుస్తారు.

మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి మొదట్లోనే వీల్‌చైర్ అడగండి, నాలుగైదు బిల్డింగులు, నడక బాగా ఎక్కువ. డాగ్ ట్యాగ్ (సైనికుల మెడలో ఉండే గుర్తింపు బిళ్ళ పేరుతో ఇచ్చే కార్డు) కూడా తప్పకుండా తీసుకోండి, ఒక నిజమైన మనిషి కథని గ్యాలరీ గ్యాలరీకీ స్క్యాన్ చేసుకుంటూ వెళ్ళొచ్చు. దగ్గర్లోని ఒక ప్రైవేట్ పార్కింగ్ లాట్‌లో బోర్డు మీద ఒక రేటు, యాప్‌లో ఇంకో రేటు పడింది నాకు, చూసుకుని కట్టండి. ఈ ఊరి పెద్ద పండగ మార్డి గ్రా రోజు, థ్యాంక్స్‌గివింగ్ రోజు మ్యూజియం మూసేస్తారు, లాంగ్ వీకెండ్ ప్లాన్ వేసేవాళ్ళు డేట్ చూసుకుని బుక్ చేసుకోండి.