ఉతికి వాడిన పాలిస్టర్ యోయో దారాలు

బీసెంట్ రోడ్డులోని ఒక ఆటవస్తువుల దుకాణంలో కట్టగా కొన్న పాలిస్టర్ యోయో దారాలు విజయవాడ ఉక్కపోతలో చేతిచెమటకు త్వరగానే నల్లబడి జిగటెక్కినా, గోరువెచ్చని సబ్బునీటిలో నానబెట్టి మెల్లగా పిండితే మురికి చాలావరకు వదిలింది. (ఉతుకుతానంటే దుకాణదారు నవ్వారు.) మెలిపెట్టిన దారం కనుక ఉతుకులో మెలిక సడలుతుంది, రెండు కొసలూ కదలకుండా బిగించి నీడలో ఆరవేసి, ఆడేముందు మెలికను మళ్ళీ సరిచేసుకోవాలి. అయినా కొత్తదాని నునుపు పూర్తిగా రాదు, అభ్యాసానికి మాత్రం చాలు. యోయో మధ్యలోని ఇరుసును చుట్టుకునే ఉచ్చు దగ్గర పీచు లేచిన దారాన్ని ఉతకడం దండగ, ఎందుకంటే అది సాధారణంగా అక్కడే తెగుతుంది, తెగితే యోయో ఎగిరి ఎదుటివారికి తగలవచ్చు. దారం నాణ్యత బాగుంది, మళ్ళీ కొంటాను.