బెజవాడలో మూడు పాసులు, ఒక ఆధార్ కార్డు

ముందే చెప్పేస్తున్నాను. విజయవాడలో రెండు రోజులు తిరుగుదామని వెళ్లినప్పుడు లాడ్జి కౌంటర్లో ఎవరైనా "సిటీ పాస్ ఉంది మేడమ్, అన్నీ అందులోనే కవరైపోతాయి" అంటే, ఒక నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి. మేము రాలేదు. 1,350 రూపాయలు పోసి మూడు పాసులు కొన్నాం.

అసలు ఈ పాసుల పిచ్చి మా ఆయనది. హైదరాబాద్‌లో ఎవరైనా చుట్టాలొస్తే టీ-24 టికెట్ కొనిపించి, ఇరవై నాలుగు గంటలూ సిటీ బస్సుల్లో తిప్పి, ఎన్ని టికెట్ల డబ్బులు మిగిలాయో రాత్రి భోజనాల దగ్గర లెక్క చెప్పే మనిషి. బెజవాడ ప్రయాణానికి వారం ముందు నుంచే "అక్కడ కూడా అలాంటిదేదో ఉంటుంది, పాస్ ఉంటే టెన్షన్ ఉండదు" అని ఒకటే పాట. నేను పుట్టింది గుంటూరులో. బెజవాడ బస్సులు నాకు కొత్తా? కానీ పెళ్లయి పద్దెనిమిదేళ్లు కూకట్‌పల్లిలో ఉన్నాక మన మాట ఎవరు వింటారు.

మేమిద్దరం, పదకొండేళ్ల మా పాప, గుంటూరు నుంచి వచ్చి కలిసిన మా అక్క. బావకి మోకాళ్ల నొప్పులు, రానన్నాడు. రూము గాంధీనగర్ వైపు, రైల్వేస్టేషన్‌కి దగ్గర్లో. ఫోన్లో చూసినప్పుడు 1,800. కౌంటర్ దగ్గరికొచ్చేసరికి అక్క కోసం అదనపు పరుపుకి ఇంకో 400. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే. ఇవన్నీ సర్దుకుపోయాం, లాడ్జి అన్నాక మామూలే.

తాళం చేతికిస్తూ ఆ కుర్రాడు లామినేషన్ చేసిన కార్డు ఒకటి చూపించాడు. ముందు వైపు దుర్గగుడి బొమ్మ, ప్రకాశం బ్యారేజీ బొమ్మ. మనిషికి 450. దుర్గగుడి, కొండపల్లి, ఉండవల్లి, మంగళగిరి. "ఎక్కడైనా ఎక్కండి, ఎక్కడైనా దిగండి సార్." ఆ ఒక్క మాటకి మా ఆయన పడిపోయాడు. పాపకి హాఫ్ ఉందా అని నేనడిగితే లేదన్నాడు. అక్క మాత్రం చెయ్యి అడ్డంగా ఊపేసింది. "నాకెందుకయ్యా పాసు? నా పాసు నా పర్సులో ఉంది" అని ఆధార్ కార్డు తీసి చూపించింది. మరిదిగారికి మర్యాదకైనా ఒకటి కొనొచ్చు కదా అని అప్పుడు నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. మర్నాడు మమ్మల్ని తిప్పే టెంపోలో అక్కకి చోటు కోసం ఆ రాత్రే అడిగితే, కొంచెం డబ్బులిస్తే సరేనన్నారు, 200. పాసు లేనివాళ్లకి 200, పాసు ఉన్నవాళ్లకి 450. అప్పుడే అర్థం కావలసింది.

ఎనిమిదికి వస్తానన్న టెంపో తొమ్మిది నలభైకి వచ్చింది. ఆలస్యం అయితే అయింది, ఆ గ్యాప్‌లో బాబాయ్ హోటల్‌కి నడుచుకుంటూ వెళ్లి వెన్న ఇడ్లీ తిన్నాం. ఈ రెండు రోజుల్లో మొదటి మంచి సంగతి అదే. వేడి ఇడ్లీ మీద వెన్న కరిగి పక్కలకి జారుతుంటే మా పాప ఫోన్ పక్కన పెట్టేసింది. అది చాలు.

టెంపోలో అప్పటికే ఐదుగురున్నారు. ఇంద్రకీలాద్రి కింద దించి, "పైకి దేవస్థానం బస్సుంది, గంటలో వచ్చేయండి" అన్నాడు డ్రైవర్. ఉచిత దర్శనం క్యూలోనే గంటన్నర పట్టింది. అమ్మవారి ఎదురుగా నిలబడ్డ రెండు క్షణాల్లో కూడా మా ఆయన జేబులో ఫోన్ మోగుతూనే ఉంది, డ్రైవరే. కిందికొచ్చేసరికి మిగతా ఐదుగురూ మా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది.

తర్వాత కొండపల్లి అన్నారు. కొండపల్లి అంటే నేననుకున్నది బొమ్మల కాలనీ. ఇంటి అరుగు మీద కూర్చుని తెల్లపొణికి కర్ర చెక్కుతుంటారు. చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి ఆ ముక్కల్ని అతికిస్తారు. పాపకి అది చూపించాలని నా ఆశ. బండి మాత్రం రోడ్డు పక్కన ఒక ఏసీ కొట్టు ముందు ఆగింది. అంబారీ ఏనుగు 1,400 అన్నారు. ఊళ్లోకి వెళ్దామంటే "అక్కడికి బండి తిరగదు మేడమ్" అన్నాడు. కోట సంగతి అడగనే లేదు, అడిగి మాట పడటం ఎందుకని. ఆ కొట్టువాళ్లు డ్రైవర్‌కి టీ, బిస్కెట్లు తెచ్చివ్వడం అక్క చూసింది. నాకు కనుసైగ చేసింది. మేము ఏమీ కొనలేదు. అందుకేనేమో అక్కడి నుంచి డ్రైవర్ మాతో మాట్లాడటం మానేశాడు.

బ్యారేజీ దాటి ఉండవల్లి. కొండని నాలుగంతస్తులుగా తొలిచిన గుహలకి ఇరవై నిమిషాలు ఇచ్చాడు. లోపల పడుకున్న అనంతపద్మనాభస్వామిని తల నుంచి పాదాల దాకా నిదానంగా నడుస్తూ చూడాలి. అంత పెద్ద విగ్రహాన్ని ఒకే రాతిలో ఎలా చెక్కారో పాపకి చెప్పబోతుంటే కింద హారన్ మోగింది. ఎక్కడైనా దిగి ఎక్కడైనా ఎక్కే పాస్ కదా, తర్వాతి బండిలో వస్తామని మా ఆయన కిందికి దిగి చెప్పాడు. "తర్వాతి బండి ఏది సార్? ఇదొక్కటే."

ఇక అసలు దెబ్బ మంగళగిరిలో. మేము చేరేసరికి నాలుగు దాటింది. కొండమీద పానకాల స్వామి గుడి మధ్యాహ్నం దాటితే మూసేస్తారు. ఆ తర్వాత దేవతలు వచ్చి స్వామిని కొలుస్తారని నమ్మకం. గుంటూరులో పుట్టిన నాకు ఈ సంగతి తెలుసు, రోజూ ఇదే దారిలో తిరిగే డ్రైవర్‌కి తెలియదా? తెలిసే, కొట్టు దగ్గర గంటసేపు కూర్చోబెట్టాడు. కింద నరసింహస్వామి గుడి ముందు దించాడు. పదకొండు అంతస్తుల గాలిగోపురం నీడలో మేము తలలెత్తి చూస్తుంటే బండి వెనక్కి తిప్పాడు. మా ఆయన పరిగెత్తుకుంటూ వెళ్తే, "పాస్ ఇంతవరకే సార్, రిటర్న్ మీరే చూసుకోవాలి" అన్నాడు. కార్డు వెనక చూస్తే నిజంగానే ఉంది, చీమ తలంత అక్షరాల్లో. మిగతా ఐదుగురూ గుంటూరు వెళ్లేవాళ్లట, వాళ్లకి ఫర్వాలేదు.

తిరిగి విజయవాడ వచ్చింది సిటీ బస్సులో. అక్క ఆధార్ చూపించింది, కండక్టర్ మిషన్లోంచి సున్నా టికెట్ తీసిచ్చాడు. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం, స్త్రీశక్తి పథకం. హైదరాబాద్‌లో 2023 డిసెంబరు నుంచి ఆధార్ చూపించి ఎక్కడం నాకూ అలవాటే కదా, అదే చేత్తో నా కార్డూ ఇచ్చాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "మీది తెలంగాణ అడ్రసమ్మా, టికెట్ తీసుకోవాలి" అన్నాడు. పాపం మర్యాదగానే చెప్పాడు. "నేను గుంటూరు పిల్లనే అండీ" అన్నాను, అదేదో రాయితీ అయినట్టు. బస్సులో నలుగురు నవ్వారు. మా ఆయన ఆ రోజు మొదటిసారి నవ్వింది కూడా అప్పుడే. అక్కయితే, "పెళ్లి చేసి పంపించేశాం కదే, ఇంక మాకేం సంబంధం" అంది. మా ఇద్దరికీ, పాప హాఫ్ టికెట్‌కీ కలిపి 65 రూపాయలు.

లాడ్జిలో పంచాయితీ అక్కే నడిపింది. మేమైతే అలసిపోయి వదిలేసేవాళ్లం. "ఏం బాబూ, ఎక్కడైనా ఎక్కొచ్చు, ఎక్కడైనా దిగొచ్చు అన్నావు. దిగడం అయితే బానే దించాడు. ఎక్కడానికి బండేదీ?" ఆ కుర్రాడు పాసు వాడేశారు కదమ్మా అన్నాడు. ఓనర్‌కి ఫోన్ చెయ్యమంది. ఓనర్ ఎత్తలేదు. అయితే ఎత్తేదాకా ఇక్కడే కూర్చుంటానని రిసెప్షన్ సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది. ఆ టైములో రూము అడగడానికి ఇంకో కుటుంబం వచ్చింది. వాళ్లకి ఆ కార్డు చూపించబోతుంటే అక్క గట్టిగా దగ్గింది. పది నిమిషాల్లో 400 వెనక్కి వచ్చాయి. మిగతాది దక్కలేదు. ఆ కుటుంబం మాత్రం కార్డు కొనలేదు.

ఇంత జరిగాక కూడా మా ఆయన ఆ సాయంత్రమే పండిట్ నెహ్రూ బస్టాండ్‌కి వెళ్లి పాసుల కౌంటర్ వెతికాడు! నెలవారీ పాసులకి వచ్చినవాళ్లు, కాలేజీ పిల్లలు వరసలో ఉన్నారట. తన వంతు వచ్చాక విషయం చెప్తే, కౌంటర్లో ఆయన, "రెండ్రోజులకి పాసెందుకండీ, ఎక్కిన చోట టికెట్ కొట్టించుకోండి, అదే చవక" అన్నాడట. ఇదే ముక్క నేను వారం నుంచి చెప్తున్నాను. కౌంటర్ అద్దం వెనక నుంచి వస్తే గానీ చెవికెక్కలేదు.

రెండో రోజు పొద్దున్నే మెమూ రైలెక్కాం, మంగళగిరికి. పెద్దవాళ్లకి తలా పది రూపాయలు. అవును, పది. రైల్లో స్త్రీశక్తి లేదు కాబట్టి అక్క కూడా పది పెట్టింది, పెట్టి దారంతా సణిగింది. కృష్ణ మీద వంతెన దాటుతుంటే కుడివైపు బ్యారేజీ గేట్ల వరస, పొద్దుటి ఎండకి మెరిసే నీళ్లు. నిన్న టెంపో అద్దాల్లోంచి ఇది కనపడనే లేదు. స్టేషన్ నుంచి కొండమీదికి ఆటో 150 అడిగితే 120కి వచ్చాడు.

స్వామి నోట్లో శంఖంతో పానకం పోస్తుంటే గుటకల చప్పుడు వినిపిస్తుంది. కాసేపటికి చప్పుడు ఆగుతుంది, ఇక తీసుకోడు. మిగిలిన సగం మనకి ప్రసాదం. చిన్నప్పుడు నాన్న భుజం మీద నుంచి విన్న చప్పుడది. పాప, "అమ్మా, నిజంగా తాగుతున్నాడు" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంత బెల్లప్పానకం ఒలికినా ఒక్క చీమ కనపడదంటారు. పాప నేలంతా వెతికింది, దానికి దొరకలేదు. తొందరపెట్టే హారన్ లేదు. గంటన్నర కూర్చున్నాం. కిందికి దిగాక నేత చీరల కొట్లో అక్క, నేను చెరొకటి తీసుకున్నాం, నిజాం అంచుది. ధర చెప్పను, మా ఆయన ఇది చదువుతాడు.

అక్కడి నుంచి గుంటూరుకి పల్లెవెలుగు. అక్కకి సున్నా, మా ముగ్గురికీ 75. విజయవాడ బస్టాండ్ నుంచి నేరుగా గుంటూరు వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: నాన్‌స్టాప్ బస్సు త్వరగా వెళ్తుంది కానీ దాంట్లో ఆడవాళ్లకి ఉచితం వర్తించదు. మా బావ మాత్రం నాన్‌స్టాపే ఎక్కుతాడు. అరవై దాటినవాళ్లకి వయసు రుజువు చూపిస్తే పావువంతు తగ్గిస్తారు, దానికే మురిసిపోతాడు. అక్క ఎంత తొందరున్నా పల్లెవెలుగు కోసమే నిలబడుతుంది. ఇద్దరూ కలిసి బెజవాడ వెళ్లొచ్చి చాలా రోజులైందట, ఆ గొడవ ఇదే.

మధ్యాహ్నం అక్క ఇంట్లో గోంగూర పచ్చడి, నెయ్యి, పచ్చి ఉల్లిపాయ. సాయంత్రం మాల్‌పూరీలు తెప్పించింది. భోజనాల దగ్గర మా ఆయన అలవాటు ప్రకారం కాగితం తీశాడు. మొదటి రోజు పాసులు 1,350, అక్క సీటు 200, బస్సు 65, వెనక్కొచ్చిన 400 తీసేస్తే 1,215. రెండో రోజు రైలూ ఆటో బస్సూ అన్నీ కలిపినా రెండొందల ముప్ఫై దాటలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఎప్పటిలా ఉపన్యాసం ఇవ్వలేదు.

అక్క దసరాకి హైదరాబాద్ వస్తానంది. అక్కడ సిటీ బస్సులో నీ ఆంధ్రా ఆధార్ చూపిస్తే చెల్లదు, టికెట్ కొనాల్సిందేనని చెప్పాను. "నువ్వు కొనవా ఏం?" అంది.