పాలకొల్లులో సురభి వాళ్ళ మాయాబజార్ చూసొచ్చాం

ముందు అసలు సంగతి చెప్పేస్తాను. మీ దగ్గర్లో ఎక్కడైనా సురభి నాటక సమాజం వాళ్ళు మాయాబజార్ నాటకం వేస్తున్నారని తెలిస్తే ఇంకేం ఆలోచించకుండా వెళ్ళండి, పిల్లల్నీ పెద్దవాళ్ళనీ వెంటబెట్టుకుని మరీ వెళ్ళండి. నిన్న రాత్రి మా అమ్మనీ, తొమ్మిదేళ్ళ మా పాపనీ తీసుకుని వెళ్ళాను. టికెట్టు వంద రూపాయలు, పాపకి యాభై. ఆ డబ్బుకి నేనీమధ్య చూసిన వాటిలో ఇంత నవ్వించింది ఇంకోటి లేదు.

మధ్యాహ్నం బజారు పని మీద అటు వెళ్తే హాలు ముందు లారీలోంచి సామాను దించుతున్నారు. చుట్టచుట్టిన తెరలు, ఒక్కోటి మోయడానికి ఆరుగురు, వెనకాల ట్రంకు పెట్టెలు, గదలు, రంగులేసిన చెక్క సింహాసనం. ఆ తెర మోస్తున్న వాళ్ళలో ఒకాయన్నే సాయంత్రం బలరాముడిగా చూశాను. సురభి అంటే ఇదేనండి, మోసేదీ వాళ్ళే, కుట్టేదీ వాళ్ళే, పాడేదీ వాళ్ళే. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు గారు కీచకవధ నాటకంతో మొదలుపెట్టారు, అప్పట్నుంచీ ఇంటిల్లిపాదీ వేషాలు కడుతూనే ఉన్నారు. ఆడవేషాలు మగవాళ్ళు కట్టే రోజుల్లోనే వీళ్ళింటి ఆడవాళ్ళు స్టేజీ ఎక్కారు. ఒకప్పుడు ముప్పైకి పైగా సమాజాలు ఉండేవి, ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. కోతలయ్యాక మా అమ్మవాళ్ళ ఊళ్ళో డేరా వేసుకుని నెల రోజులు ఆడేవారట, అమ్మ దారంతా అదే చెప్పింది.

ఆరున్నరకి నాటకం అన్నారు, తెర లేచేసరికి ఏడూ ముప్పావు. ఆలస్యం ఆర్టిస్టులది కాదు. నిర్వాహకులు స్టేజీ మీద పద్దెనిమిది కుర్చీలేసి, ఒక్కొక్కరికీ శాలువా, దండ, ఫోటో, మళ్ళీ ఒక్కొక్కరి ప్రసంగం. మేకప్ వేసుకున్న పిల్లలు సైడులో నిలబడి ఆవులిస్తున్నారు, నాకు చాలా బాధేసింది. సన్మానాలు చేసుకోండి, కానీ నాటకం అయ్యాక చేసుకోండి, లేదా ఆ నాటకం వేసే వాళ్ళకి చేయండి.

ఇక నాటకం. కథ అందరికీ తెలిసిందే, శశిరేఖని అభిమన్యుడికి ఇస్తామన్న మాట తప్పి లక్ష్మణకుమారుడికి కట్టబెట్టబోతే ఘటోత్కచుడు వచ్చి మాయ చేస్తాడు. తెలిసిన కథకి మళ్ళీ నవ్వించడం, అందులోనూ పాలకొల్లులో నవ్వించడం తేలిక కాదు. అల్లు రామలింగయ్య గారు పుట్టిన ఊరు ఇది. 1957లో ఇదే కథ సినిమాగా వచ్చినప్పుడు శర్మ వేషం ఆయనదే. అందులో లక్ష్మణకుమారుడు రేలంగి గారు, ఘటోత్కచుడు ఎస్వీ రంగారావు గారు, ఇద్దరూ కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో నాటకాలాడిన వాళ్ళే. మా వెనక వరసలో పెద్దాయన ఒకరు మొదటి అరగంటా ఆ సినిమాతో పోలుస్తూనే ఉన్నారు. మాయాశశిరేఖ వచ్చాక ఆయన మాట వినపడలేదు, నవ్వే వినపడింది.

ఆ అమ్మాయి గురించి ఎంత చెప్పినా తక్కువే. శశిరేఖా ఆవిడే, శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడూ ఆవిడే. చీరా నగలూ ఏమీ మారలేదు, మారింది నడక ఒక్కటే. అప్పటిదాకా తలొంచుకుని చిన్న అడుగులేసిన పిల్ల ఒక్కసారి భుజాలు విరిచి, గద మోసేవాడిలా చేతులు దూరంగా పెట్టి నడిచేసరికి హాలంతా ఘొల్లుమంది. పెళ్ళికూతుర్ని చేస్తుంటే సిగ్గుపడాలని గుర్తొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం, అంతలోనే మర్చిపోయి మీసం మెలేయబోయి చెయ్యి మధ్యలో ఆపేసి బుగ్గ మీద బొట్టు సర్దుకున్నట్టు నటించడం, అదంతా మాట లేకుండానే చేసింది. లక్ష్మణకుమారుడి కాలు తొక్కినప్పుడు అతను ఎగిరిన ఎగురుడుకి మా అమ్మ కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. నాన్న పోయాక అమ్మ అలా నవ్వడం నేను చూడలేదు.

పద్యాలు నిజంగా పాడారు, రికార్డు పెట్టి పెదాలు కదపలేదు. హార్మోనియం మేష్టారు శృతి ఇచ్చి ఆర్టిస్టు ముఖంలోకి చూస్తూ కూర్చుంటారు, రాగం ఎంత సాగితే ఆయనా అంత సాగుతారు. శ్రీకృష్ణుడు రెండో పద్యం ఆపగానే వెనక నుంచి 'వన్స్ మోర్' అని కేకేశారు, ఆయన నవ్వి మళ్ళీ అందుకున్నారు, రెండోసారి మొదటిదానికన్నా బాగా పాడారు. తబలాని మింగేసేంత గట్టిగా కీబోర్డు వాయించారు, అది కొంచెం తగ్గిస్తే బాగుండేది. రాత్రంతా ఆడే నాటకాన్ని రెండున్నర గంటలకి కుదించడంతో ద్వారక సీన్లలో పద్యాలు కొన్ని పోయాయనిపించింది, అమ్మ ఎదురుచూసినది ఒకటి రానేలేదు.

మంచంతో సహా శశిరేఖ గాల్లోకి లేచినప్పుడు మా పాప నా చెయ్యి పట్టుకుని "అమ్మా, తీగ కనపడుతోంది" అంది. అన్నదే గాని చెయ్యి మాత్రం వదల్లేదు. బాణాలు ఎదురెదురుగా వచ్చి గాల్లో ఢీకొని నిప్పురవ్వలు రాలినప్పుడు కుర్చీ మీద నిలబడింది. తీగలు కనపడకూడదనుకుంటే మధ్య వరసల్లో కూర్చోండి, మరీ పక్కకి వెళ్తే సైడు తెర వెనక తాళ్ళు లాగేవాళ్ళు కూడా కనపడతారు. నాకైతే వాళ్ళని చూడటమూ బాగుంది, ఒకాయన తాడు లాగుతూనే పాటకి పెదాలు కలుపుతున్నాడు.

హాలుకి మాత్రం మార్కులు ఇవ్వలేను. వేలాడదీసిన మైకుల్లో ఒకటి నాటకమంతా గుయ్యిమంటూనే ఉంది, ఫ్యాన్లు సగం తిరగలేదు, దోమలు సరేసరి. ముందు వరస ఫోన్ల వెలుగు వల్ల చీకటి సీన్లు పాడయ్యాయి, దయచేసి జేబులో పెట్టుకోండి. ఆడవాళ్ళ బాత్రూములో నీళ్ళు లేవు. ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు బండి మీద రండి, పదిన్నర దాటాక మాకు ఆటో దొరకడానికే అరగంట పట్టింది.

అభినందించడానికి స్టేజీ వెనక్కి వెళ్తే మాయాశశిరేఖ అప్పటికే నగలు తీసేసి, చంకలో పిల్లాడితో తెరలు మడతపెట్టిస్తోంది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని "ఎంత నవ్వించావమ్మా" అంటే, "మీరు నవ్వారు కాబట్టే చేయగలిగానండి పిన్నిగారూ" అంది.

ఇవాళ రాత్రి ఇంకో నాటకం ఉంది, టికెట్లు ఐదింటి నుంచి గేటు దగ్గర ఇస్తారు. అమ్మ పొద్దున్నే చీర తీసి మంచం మీద పెట్టుకుంది.