డాలస్‌లో యాంటెన్నా టీవీ: అనలాగ్ పోయి డిజిటల్ వచ్చాక మా ఇంట్లో 16 ఏళ్ళ వాడకం

ముందే చెప్పేస్తాను, కన్వర్టర్ బాక్స్ (డిజిటల్ సిగ్నల్‌ని పాత టీవీకి పనికొచ్చేలా మార్చే పెట్టె) ఏది మంచిదని బుర్ర బద్దలు కొట్టుకోకండి, అసలు సంగతంతా యాంటెన్నాలో ఉంది. 2009లో అమెరికాలో టీవీ ప్రసారాలు అనలాగ్ నుంచి డిజిటల్‌కి మారినప్పుడు నేను సరిగ్గా తిరగేసి చేశాను. బాక్స్ కోసం నాలుగు షాపులు తిరిగి, అట్టపెట్టెల మీద రాసిందంతా చదివి ఒకటి కొన్నాను, తీరా దానికి ఇంట్లో పడున్న పాత యాంటెన్నానే తగిలించాను. ఆ ఫలితం రెండేళ్ళు అనుభవించాం.

అప్పట్లో డాలస్ పక్కనున్న రిచర్డ్‌సన్‌లో అద్దె అపార్ట్‌మెంట్, రెండో అంతస్తు. కేబుల్ పెట్టించుకోలేదు. ఎవరో ఊరు మారుతూ ఇచ్చేసిన 20 అంగుళాల డబ్బా టీవీ, దాని నెత్తిన రెండు కమ్మీల యాంటెన్నా, ఇక్కడ దాన్ని రాబిట్ ఇయర్స్ అంటారు. చుక్కలతోనో గీతలతోనో ఏడెనిమిది చానెళ్ళు వచ్చేవి, మాకు అదే ఎక్కువ. ఫిబ్రవరి 17న అనలాగ్ ఆపేస్తామని టీవీలోనే ఊదరగొట్టారు, తర్వాత చాలామంది ఇంకా సిద్ధంగా లేరని జూన్ 12కి జరిపారు. బాక్స్ కొనుక్కోడానికి ఇంటికి రెండు చొప్పున 40 డాలర్ల కూపన్లు ప్రభుత్వమే ఇచ్చింది, కాకపోతే 90 రోజుల్లో వాడేయాలి. మాకూ రెండు వచ్చాయి. ఒకటి వాడాను, బాక్స్ 60 డాలర్లయితే నా చేతి నుంచి పడింది 20 పైచిలుకు. రెండోది వంటింటి సొరుగులో పచారీ చీటీల కింద మురిగిపోయింది. దాని గురించి మా ఆవిడ ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉంటుంది.

ఆ వేసవిలో అమ్మానాన్నా ఇక్కడే ఉన్నారు. జూన్ 12 తర్వాత ఒక సాయంత్రం బాక్స్ పెట్టి చానెళ్ళు వెతికిస్తే కొన్ని అద్దంలా వచ్చాయి, కొన్ని అసలు జాడే లేవు. యాంటెన్నా తిప్పడమంటే నాన్న చెయ్యి తిరిగినవాడు. మా ఊళ్ళో దూరదర్శన్ కోసం డాబా ఎక్కి ఇనప గొట్టం పట్టుకుని తిప్పుతుంటే, మధ్యలో మెట్ల మీద నేను, కింద టీవీ ముందు అమ్మ. "వచ్చిందా?" "వచ్చింది, వచ్చింది... అయ్యో పోయింది, మళ్ళీ ఇటు తిప్పమను." ఆ ధైర్యంతోనే ఇక్కడ కూడా కమ్మీలు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు. "వచ్చిందా?" "లేదండీ." కొంచెం పక్కకి జరిపారు. "ఇప్పుడు?" "లేదు." ఇంకొంచెం జరిపారు, అప్పుడు అమ్మ "వచ్చింది వచ్చింది!" అంది, అనేలోపే పోయింది. ఎందుకంటే అమ్మ చూసింది రెండు మూడు సెకన్ల కిందటి చోటుకి వచ్చిన బొమ్మ, ఈలోగా నాన్న చెయ్యి ఇంకెక్కడో ఉంది. పావుగంట ఇలాగే నడిచాక "ఇదేంట్రా, ఒకటడిగితే ఇంకోదానికి జవాబు చెబుతోంది" అని విసుక్కుని కూర్చున్నారు.

డిజిటల్‌తో ఉన్న చిక్కు ఇదే. అనలాగ్‌లో సగం సిగ్నల్ వస్తే సగం బొమ్మ కనిపించేది, చెయ్యి కదిలిన కొద్దీ బొమ్మ కదిలేది. ఇందులో సిగ్నల్ కాస్త దెబ్బతిన్నా బాక్స్ తనే సరిచేసుకుంటుంది, మనకి తేడా తెలియదు. హద్దు దాటిందో, బొమ్మ గళ్ళు గళ్ళుగా విరిగిపోయి, మాట ముక్కలై, నల్ల తెర. చుక్కల్లోంచి వార్తలు వినడం అనే మాటే లేదు. అందుకని బాక్స్‌లో నేను చూడమనే సౌకర్యం ఒక్కటే, మెనూలో సిగ్నల్ ఎంతుందో చూపించే పట్టీ. యాంటెన్నా జరపండి, చెయ్యి తీసేయండి (మన ఒళ్ళు కూడా సిగ్నల్‌ని పాడుచేస్తుంది), అయిదు లెక్కపెట్టండి, అప్పుడు పట్టీ చూడండి.

ఇంకో తిరకాసు నాకు ఏడాది తర్వాత గానీ అర్థం కాలేదు. తెర మీద కనిపించే 4.1, 5.1 లాంటి నంబర్లు పేరుకే, స్టేషన్ నిజంగా ప్రసారం చేసే చానెల్ వేరే ఉండొచ్చు. డిజిటల్ వచ్చాక చాలావరకు యూహెచ్ఎఫ్‌కి (14 నుంచి మొదలయ్యే పై చానెళ్ళు) వెళ్ళాయి గానీ మా దగ్గర 8వ నంబరు మాత్రం నిజంగానే వీహెచ్ఎఫ్ (2 నుంచి 13 దాకా కింది చానెళ్ళు) 8 మీద వస్తుంది. నేనేమో మధ్యలో "డిజిటల్ యాంటెన్నా" అని అట్ట మీద పెద్దక్షరాలతో రాసిన పలకలాంటిది ఒకటి కొన్నాను. డిజిటల్ యాంటెన్నా అంటూ వేరే ఏమీ ఉండదు, అది యూహెచ్ఎఫ్ యాంటెన్నా అంతే. మిగతావన్నీ వచ్చేవి, 8 రాదు. స్టేషన్ని తిట్టుకుంటూ కూర్చున్నాను, తప్పు నా కొనుగోలుది. అటక మీదకి తోసేసిన పాత కమ్మీలు దించి, బార్లా సాగదీసి, పడుకోబెట్టి పెడితే నిమిషంలో వచ్చేసింది.

2011లో ఇల్లు కొన్నాక కొత్త టీవీలోనే డిజిటల్ ట్యూనర్ (సిగ్నల్‌ని పట్టే భాగం) ఉంది (2007 మార్చి నుంచి ఇక్కడ తయారయ్యే, దిగుమతయ్యే ప్రతి టీవీలో ఉండి తీరాలి), బాక్స్ గరాజ్‌లోకి పోయింది. అటకలో పెద్ద యాంటెన్నా పెట్టాను. డాలస్ స్టేషన్ల టవర్లు దాదాపు అన్నీ సీడర్ హిల్‌లో ఉంటాయి, కొన్ని 1,500 అడుగులు దాటినవి, మా ఇంటికి ఓ 30 మైళ్ళు. మాకు అది నైరుతి. ఫోన్‌లో ఈ మాట చెబితే అమ్మ "నైరుతిలో ఎత్తుగా ఉంటే మంచిదేలే" అని ఆశీర్వదించేసింది. జూలైలో ఎక్కాను, అది నా తెలివి. ఆ అటకలో అప్పడాలు ఎండబెట్టుకోవచ్చు. రెండు చానెళ్ళు ఇంకా విరుగుతున్నాయని 40 డాలర్లు పోసి బూస్టర్ కొన్నాను, దాంతో బాగా వచ్చేవి కూడా పోయాయి. దగ్గరి స్టేషన్ల సిగ్నల్ అప్పటికే దండిగా ఉంటే బూస్టర్ దాన్ని ఇంకా పెంచి ట్యూనర్‌ని ఉక్కిరిబిక్కిరి చేస్తుందట. తీసేసి, మధ్యలో వైరుని రెండుగా చీల్చే పాత స్ప్లిటర్ కూడా పీకేసి, వైరు నేరుగా టీవీకి ఇస్తే సరిపోయింది.

బొమ్మ సంగతి చెప్పాలంటే, ఒక్కసారి కుదిరాక దీనికి సాటి లేదు. పక్క బిల్డింగులకి తగిలి వచ్చే నీడ బొమ్మలు లేవు, హెచ్‌డీలో ఫుట్‌బాల్ చూస్తే గడ్డి పోచలు కనిపిస్తాయి. కేబుల్ ఉన్న ఇళ్ళలో అదే ఆట చూస్తే చాలాసార్లు అలికినట్టు అనిపించింది, వాళ్ళు బొమ్మని ఇంకా కుదించి పంపుతారు కదా. ఒక్కో స్టేషన్‌కి తోకల్లా రెండు మూడు ఉపచానెళ్ళు కూడా వస్తాయి, పాత సీరియళ్ళు, వంటలు, వాతావరణం. తెలుగు మాత్రం ఇందులో లేదు, దానికి ఇంటర్నెట్టే గతి.

పోయినవాటిలో నాకు బాధనిపించింది 5 అంగుళాల బ్యాటరీ టీవీ. టెక్సస్‌లో వసంతం వచ్చిందంటే సుడిగాలుల టెన్షన్, కరెంటు పోతే బాత్‌టబ్ పక్కన కూర్చుని అందులో వాతావరణం చూసేవాళ్ళం. జూన్ 12 తర్వాత అది బొమ్మల కొలువుకే పనికొస్తుంది. మా బాక్స్ గోడ కరెంటు మీద తప్ప నడవదు. అలాగని డిజిటల్‌ని పూర్తిగా తిట్టలేను. 2019 అక్టోబర్ 20 రాత్రి ఉత్తర డాలస్, రిచర్డ్‌సన్ మీదుగా టోర్నడో వచ్చినప్పుడు మా ఇంట్లో ఇంటర్నెట్ పోయింది, కరెంటు ఉంది, గంటన్నరసేపు యాంటెన్నాయే దిక్కు. ఉరిమినప్పుడల్లా బొమ్మ ఓ క్షణం విరిగేది, ఆ క్షణంలో ఊపిరి బిగపట్టేవాళ్ళం.

అన్నట్టు, ఉన్నట్టుండి చానెళ్ళు మాయమైతే ముందు రీస్కాన్ చేయండి, అంటే టీవీ చేత చానెళ్ళు మళ్ళీ వెతికించండి. 37 పైన ఉన్న చానెళ్ళ జాగాని ఫోన్ కంపెనీలకి వేలం వేసి, 2020 జూలై దాకా దఫాల వారీగా స్టేషన్లని కిందికి దించారు. ఆ రోజుల్లో తెలిసినవాళ్ళు "యాంటెన్నా పాడైంది" అని ఫోన్ చేసేవాళ్ళు, రిమోట్‌లో ఒక బటన్ నొక్కిస్తే తిరిగొచ్చేవి.

మొత్తం 16 ఏళ్ళలో బాక్స్, పలక, బూస్టర్, అటక యాంటెన్నా, వైర్లు కలిపి 200 డాలర్లు దాటలేదు, నెల బిల్లు సున్నా. అందులో పలక, బూస్టర్ దండగ. మీరు మొదలుపెట్టేట్టయితే మీ టవర్లు ఏ దిక్కునున్నాయో, వాటిలో వీహెచ్ఎఫ్‌వి ఎన్నో చూసుకోండి, ఆ దిక్కు కిటికీ దగ్గర చవకరకం కమ్మీలు పెట్టి వారం రోజులు వానలోనూ ఎండలోనూ చూడండి. రసీదు మాత్రం పారేయకండి.