రొయ్యల గుంట దగ్గర ఆటోమేటిక్ బ్యాటరీ ఛార్జర్: చాలాకాలం వాడాక నా మాట

మా గుంటలు విడవలూరు మండలంలో, సముద్రం వైపు ఉన్నాయి. కరెంటు పోయి నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్లు ఆగితే కాసేపటికే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య పైకి తేలుతుంది. ఆ టైములో జనరేటర్ ఒక్క సెల్ఫ్‌కే అందుకోవాలి. అందుకే బ్యాటరీ విషయంలో నాకు చాదస్తం కొంచెం ఎక్కువ. జనరేటర్‌ది, ట్రాక్టర్‌ది, ఇంట్లో కారుది మూడూ ఒక్క ఛార్జర్‌తోనే చూసుకుంటున్నాను. 12 వోల్టుల బ్యాటరీలకు 10 ఆంపియర్లు ఇచ్చే ఆటోమేటిక్ రకం. కంపెనీ పేరు చెప్పను.

అంతకుముందు పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జర్ ఉండేది. అది మొండిది, ఏళ్ల తరబడి చెడదు. కాకపోతే ఎప్పుడు ఆగాలో దానికి తెలీదు. బ్యాటరీ నిండినా తోస్తూనే ఉంటుంది. లైన్లో వోల్టేజీ పెరిగితే ఇంకా జోరుగా తోస్తుంది. తెల్లారేసరికి సెల్లుల్లో బుడబుడమని శబ్దం, షెడ్డంతా కుళ్లిన గుడ్డు వాసన. ఈ కొత్తది 14.4 వోల్టుల దాకా తీసుకెళ్లి, అక్కడ నిలిపి, ఆంపియర్లు తగ్గించుకుంటూ వచ్చి, చివరికి 13.6 దగ్గర ఉంటుంది. మీటరు పెట్టి చాలాసార్లు చూశాను, మాట తప్పలేదు. పెట్టిన డబ్బుకు ఇది చాలు.

అయితే ఆటోమేటిక్ కదా అని జాగ్రత్తలు వదిలేస్తే కుదరదు. ఛార్జింగ్ చివర్లో ఏ యాసిడ్ బ్యాటరీ అయినా కొంత హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో అది 4 శాతం ఉంటే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. అది తేలికైన వాయువు కాబట్టి మూసిన గదిలో పైకప్పు కింద చేరుతుంది. అందుకని జనరేటర్ రూములో ఛార్జింగ్ పెట్టనివ్వను. బయట రేకుల పంచలో, గాలి ఆడేచోట, చెక్క బల్ల మీద పెడతాం. కాపలా మనిషికి బీడీ అలవాటు. ఛార్జింగ్ నడిచేటప్పుడు అతని మంచం గట్టు మీదికి మారుతుంది.

అసలు నిప్పురవ్వ ఎక్కువసార్లు మన చేతుల్లోంచే పుడుతుంది. కరెంటు ఆన్‌లో ఉండగా క్లిప్పు పెట్టినా, లాగినా చిటుక్కుమంటుంది, అదీ సరిగ్గా గ్యాసు వచ్చేచోట. కాబట్టి ముందు క్లిప్పులు, చివర్లో స్విచ్చి. తీసేటప్పుడు స్విచ్చి ముందు. ట్రాక్టర్ నుంచి బ్యాటరీ ఊడదీయాలంటే మైనస్ వైరు మొదట విప్పాలి. ప్లస్ మీద పెట్టిన పానా బాడీకి తగిలితే ఆ మెరుపు ఎలా ఉంటుందో చూసినవాడికి ఈ మాట రెండోసారి చెప్పక్కర్లేదు. బిగించేటప్పుడు మైనస్ చివర. కారులో ఉండగానే ఛార్జింగ్ పెడితే నల్ల క్లిప్పును బ్యాటరీకి దూరంగా ఇంజన్ మీద పెయింట్ లేని ఇనుముకు పెడతాను.

దీనిమీద ఒక బటన్ ఉంది, మంచు గుర్తుతో. చలిదేశాల కోసమట, అది నొక్కితే 14.7 దాకా పోతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు జిల్లాలో మంచు గుర్తు! మనకు కావాల్సింది దానికి తలకిందులు. వేడి పెరిగేకొద్దీ ఛార్జింగ్ వోల్టేజీ తగ్గించాలి. బ్యాటరీ 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.02, 0.03 వోల్టుల చొప్పున అనుకోండి. 40 డిగ్రీల ఎండలో అది చిన్న తేడా కాదు. మాదాంట్లో వేడిని పట్టే సెన్సర్ లేదు. అందుకే ఎండాకాలంలో పొద్దుగూకాకే పెడతాను. బ్యాటరీ పెట్టె మీద చెయ్యి వేస్తే చురుక్కుమందా, ఆపేసి చల్లారనిస్తాను. మీరు కొనేదాంట్లో సెన్సర్ ఉంటే ఇంకొంచెం డబ్బు పెట్టినా నష్టం లేదు.

నా అసలు ఫిర్యాదు వేరే. మధ్యలో కరెంటు పోయి వస్తే ఇది మళ్లీ తనంతట తాను మొదలుపెట్టదు. మోడ్ బటన్ మనమే నొక్కాలి. రాత్రిపూట కరెంటు రెండుసార్లు కన్నుకొట్టే చోట ఇది పెద్ద తలనొప్పి. పొద్దున లేచి చూస్తే లైటు మిణుకుమంటూ ఉంటుంది, బ్యాటరీ మాత్రం నిన్నటిలాగే. జనరేటర్ బ్యాటరీ ఊడదీసే ముందు స్పేర్ బిగించే అలవాటు లేకపోతే మా పని అయిపోయినట్టే. పూర్తిగా చచ్చిన బ్యాటరీని ఇది అసలు గుర్తించదు కూడా. అలాంటిదాన్ని మెకానిక్ దగ్గరికి పంపడమే.

"అన్నా, పచ్చలైటు ఎలిగింది, ఎత్తెయ్యనా?" అని మా కుర్రాడు అడుగుతుంటాడు. పచ్చలైటు అంటే ఛార్జర్ తన పని ముగించిందని, బ్యాటరీ బాగుందని కాదు. తీసి పక్కన పెట్టి, కొన్ని గంటల తర్వాత మీటరు పెడతాను. 12.6 పైన ఉంటే నిండినట్టు. 12.2కి జారితే సగానికి పడినట్టు, అంటే ప్లేట్లు పాడవుతున్నాయి. మూతలున్న బ్యాటరీకైతే యాసిడ్ చిక్కదనం చూపే హైడ్రోమీటర్ పెడతాను. అన్ని సెల్లులూ 1.250 దగ్గర ఉండి ఒక్కటే 1.200 దగ్గర కూర్చుంటే ఆ బ్యాటరీతో ఇంక టెన్షనే.

నీళ్లు ఛార్జింగ్ అయ్యాకే పోయాలి, ముందే నిండుగా పోస్తే యాసిడ్ పొంగి బయటికొస్తుంది. ప్లేట్లు బయటపడి ఉంటే మాత్రం అవి మునిగేదాకా ముందే పోయండి. డిస్టిల్డ్ వాటరే పోయాలి. తాగే మినరల్ వాటర్ టిన్నులోంచి ముంచి పోసేవాళ్లను చూశాను. అది తాగడానికి మంచిదే, బ్యాటరీకి కాదు. మూతలు తీసినప్పుడు కళ్లకు అద్దాలు, దగ్గర్లో బకెట్ నీళ్లు ఉండాలి.

బైకు బ్యాటరీకి 2 ఆంపియర్ల మోడ్ ఉంది, అదే వాడండి. ఎలక్ట్రిక్ స్కూటర్ల లిథియం బ్యాటరీ జోలికి ఈ ఛార్జర్‌తో పోవద్దు, దానితో వచ్చిన ఛార్జరే దానికి.

ఛార్జర్ ఇంకా గట్టిగానే ఉంది గానీ క్లిప్పులు ఉప్పుగాలికి తట్టుకోలేదు. రేకు క్లిప్పులు తుప్పుపట్టి స్ప్రింగులు వదులయ్యాయి. నెల్లూరు ఆటోనగర్‌లో మందపాటి రాగి క్లిప్పులు తెచ్చి వేయించాను. వైరు కూడా పొట్టిగా ఉందని అప్పుడే ఇంకో మీటరు కలపమంటే, సన్నది కలిపితే వేడెక్కుతుందని షాపతను ఒప్పుకోలేదు. అదే మందం వైరు మొత్తం కొత్తగా వేశాడు.