ఆరేళ్లు వాడిన క్లౌడ్ సింక్ యాప్, ఒక్క అప్‌డేట్‌తో పట్టపగలే చుక్కలు చూపించింది

మాది డీటీపీ షాపు. శుభలేఖలు, ఫ్లెక్సీలు, గుళ్ల వాళ్ల కరపత్రాలు, ఇదే పని. షాపులో రెండు సిస్టమ్స్, ఇంట్లో ఒకటి, మూడిట్లోనూ ఒకే ఫోల్డర్ కనపడాలని ఆరేళ్ల కింద డబ్బులు కట్టి మరీ ఈ క్లౌడ్ సింక్ యాప్ పెట్టుకున్నా, అంటే ఫైళ్లని నెట్‌లో కంపెనీ సర్వర్ మీద (అదే క్లౌడ్) దాచి అన్ని సిస్టమ్స్‌లోనూ ఒకేలా ఉంచేది. పేరు మాత్రం రాయను, ఏది వాడేవాళ్లకైనా ఇందులో సగం పనికొస్తుంది. నిజం చెప్పాలంటే ఐదేళ్లు దీని ఊసే ఎత్తాల్సిన అవసరం రాలేదు. షాపులో సగం చేసి వదిలేసిన కార్డు ఇంటికొచ్చి అన్నం తిన్నాక ఓపెన్ చేస్తే ఎక్కడ ఆపానో అక్కడే ఉండేది, పెన్ డ్రైవ్ మర్చిపోయి రాత్రి పదింటికి మళ్లీ షట్టర్ తీసే బాధ తప్పింది. దానికి ఫుల్ మార్కులు.

గొడవంతా పోయిన మాఘంలో వచ్చిన అప్‌డేట్‌తో మొదలైంది. ముహూర్తాల సీజన్, ఊపిరాడని పని, పొద్దున్నే కరెంటు పోయి దాంతోపాటు నెట్టూ పోయింది, ఇన్వర్టర్ మీద సిస్టమ్ ఒక్కటి నడుస్తోంది. అప్పుడొచ్చాడు ఒకాయన, "అన్నా, ప్రూఫ్‌లో మా మేనమామ ఇంటిపేరు తప్పు పడింది, ఒక్క నిమిషం మార్చి ప్రింటుకిచ్చెయ్" అని. ఫోల్డర్‌లో ఫైలు కనపడుతోంది, డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకోదు. పక్క ఫైలూ అంతే. రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూస్తే సైజు 48 ఎంబీ, దాని కిందే డిస్క్ మీద సైజు 0 అని ఉంది. అంటే ఫైలు నా దగ్గర లేదు, బోర్డు మాత్రమే ఉంది, సరుకు లేదు! అప్‌డేట్ తర్వాత యాప్ నన్నడక్కుండా సెట్టింగు మార్చేసి, చాన్నాళ్లుగా ముట్టుకోని ఫైళ్లన్నీ క్లౌడ్‌లోనే ఉంచేసి ఇక్కడ ఉత్త గుర్తు మిగిల్చింది. పక్కన చిన్న మేఘం బొమ్మ కూడా వేసింది పాపం, నేనే ఎప్పుడూ పట్టించుకోలేదు. చివరికి ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి ఆ ఒక్క ఫైలు దించేసరికి ఆయన రెండు టీలు తాగాడు.

దీనికి మందు సింపులే. ముఖ్యమైన ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఎప్పుడూ ఈ సిస్టమ్‌లోనే ఉంచు అనే ఆప్షన్ పెట్టడమే. కాకపోతే ఏ అప్‌డేట్ వచ్చినా ఆ ఆప్షన్ ఇంకా ఉందో లేదో మళ్లీ వెళ్లి చూస్కోవాలి, ఇది మాత్రం నాకు మంట.

రెండో గొడవ, సింక్ అవుతోంది సింక్ అవుతోంది అంటూ రెండ్రోజులు ఆ బాణాలు తిరుగుతూనే ఉన్నాయి. రీస్టార్ట్ చేశా, పాజ్ చేసి మళ్లీ వదిలా, తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేశా, ఉహూ. తీరా ఎర్రర్ల లిస్టు తెరిచి చూస్తే ఇరుక్కుంది మూడే మూడు ఫైళ్లు. షాపులో పనిచేసే కుర్రాడు ఫోన్‌లో యాప్ తెరిచి ఏ కార్డు ఎవరిదో తెలియడం కోసం పేర్లు మార్చాడంట, పెళ్లికొడుకు పేరు, పక్కనే ముహూర్తం రాత్రి 8:42 అని. ఆ గంటకీ నిమిషానికీ మధ్యలో పెట్టే రెండు చుక్కలున్నాయే, విండోస్‌లో ఫైలు పేరులో అవి పనికిరావు. ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు, డబుల్ కోట్స్, స్లాష్‌లు, ఇవీ పనికిరావు. క్లౌడ్‌కేమో ఏ పేరైనా ఓకే, సిస్టమ్‌లోకి దిగేటప్పుడే తన్నేస్తుంది. అప్‌డేట్‌కి ముందు ఇలాంటివి సైలెంట్‌గా వదిలేసేదేమో, ఇప్పుడు గుమ్మంలో నిలబెట్టి మిగతా వాటినీ ఆపేసింది. ఆ మూడు పేర్లు మార్చా, పది నిమిషాల్లో అంతా కదిలింది.

తెలుగులో పేర్లు పెట్టుకునేవాళ్లకి ఇంకో తిరకాసు ఉంది. విండోస్‌లో ఫోల్డర్లన్నీ కలుపుకుని ఫైలు దారి మామూలుగా 260 క్యారెక్టర్లు దాటకూడదు, ఇప్పుడు ఆ పరిమితి ఎత్తేసుకునే వీలున్నా పాత సాఫ్ట్‌వేర్లు అక్కడే ఆగిపోతాయి. మనం పెళ్లి అని రాస్తే కంటికి రెండక్షరాలు, సిస్టమ్ లెక్కలో మాత్రం అది ఆరు, ఎందుకంటే ప, ఎత్వం, ళ, పొల్లు, ల, గుడి, ఇవన్నీ విడివిడిగా లెక్కేస్తుంది. నేను ఫోల్డర్‌లో ఫోల్డర్, అందులో ఇంకో ఫోల్డర్, ఏడాది, మాసం, ఊరు, ఇంటిపేరు అని అలా పెట్టుకుంటూ పోయా, అప్‌డేట్ వచ్చి మెయిన్ ఫోల్డర్‌ని ఇంకా లోపలికి జరిపేసరికి కొన్ని హద్దు దాటేసి, మేం కార్డులు డిజైన్ చేసే పాత కోరెల్ డ్రాలో తెరుచుకోలేదు. ఇప్పుడు ఏడాది, ఇంటిపేరు, అంతే.

కోరెల్ అంటే గుర్తొచ్చింది, అది సేవ్ కొట్టినప్పుడల్లా పక్కనే బ్యాకప్ ఫైలు ఒకటి తయారు చేస్తుంది. ఆ ఫైలూ అప్‌లోడ్‌లో దూరుతుంది, అంటే ప్రతి సేవ్‌కీ డబుల్ బరువు. సేవ్ కొట్టినప్పుడు బ్యాకప్ తయారు చేసే ఆప్షన్‌ని కోరెల్ సెట్టింగుల్లో ఆపేశా, లైను ఖాళీ అయింది. ఇంకా, ఒకే ఫైలు షాపులోనూ ఇంట్లోనూ తెరిచి ఉంచి రెండు చోట్లా సేవ్ కొడితే రెండు కాపీలు తయారవుతాయి, ఏది అసలుదో తేల్చుకోవడం మన ఖర్మ.

ఇంట్లో సిస్టమ్‌ది మాత్రం వేరే కథ, దానికి అప్‌డేట్‌ని అనవసరంగా తిట్టా. లాగిన్ అవ్వదు, పాస్‌వర్డ్ కరెక్టే. మా ఆవిడొచ్చి "ఆ మూల తేదీ ఏంటి అలా ఉంది" అంటే అప్పుడు చూశా, ఏళ్ల కిందటి తేదీ చూపిస్తోంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది కదా, సీఆర్ 2032, అది అయిపోయింది, కరెంటు పోయినప్పుడల్లా గడియారం వెనక్కెళ్తోంది. తేదీ తప్పైతే, సర్వర్ అసలుదేనని చూపే సెక్యూరిటీ సర్టిఫికెట్ చెల్లదని సిస్టమ్ అనుకుంటుంది, ఇక సర్వర్‌తో కనెక్షనే కలవదు. బ్యాటరీ మార్చి తేదీ సరిచేస్తే మొదటిసారికే లాగిన్.

నాలా మళ్లీ ఇన్‌స్టాల్ దాకా వెళ్లేవాళ్లకి ఒక్క మాట, ముందు ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేస్కోండి, మేఘం బొమ్మ ఉన్నవి ముందు కిందికి దించి మరీ. తర్వాత బ్రౌజర్‌లో లాగిన్ అయ్యి ఫైళ్లు అక్కడ ఉన్నాయో లేవో కళ్లారా చూడండి. అకౌంట్ మళ్లీ కలిపేటప్పుడు పాత ఫోల్డర్‌నే చూపించాలి, నేను తొందర్లో వేరే చోటు చూపిస్తే 80 జీబీ మొదట్నుంచి దించడం మొదలెట్టి సి డ్రైవ్‌ని నింపేసింది, డ్రైవ్ నిండాక సింక్ మళ్లీ ఆగింది.

పోతే సి డ్రైవ్ ఖాళీ చేద్దామని మా షాపు కుర్రాడు పాత ఫైళ్లు డిలీట్ కొట్టాడు, క్లౌడ్‌లో ఉన్నాయి కదా అన్న ధీమాతో. ఇది సింక్ కదా, ఇక్కడ పోతే మూడు సిస్టమ్స్‌లోనూ పోయాయి. ట్రాష్‌లో 30 రోజులు ఉంచుతుంది కాబట్టి బతికిపోయాం, వాడికి ఆ రోజు భోజనం సయించలేదు.

ఇంత జరిగాక మానేశావా అంటే మానలేదు, ఐదుకి మూడున్నర ఇస్తా. అడక్కుండా సెట్టింగులు మార్చినందుకు ఒకటి, ఎర్రర్‌ని ఎక్కడో మూల దాచినందుకు అర కోశా. శనివారం శనివారం హార్డ్ డిస్క్‌లోకి కాపీ మాత్రం మానట్లేదు. మావాడు ఇప్పుడు ఫైలు పేర్లలో ముహూర్తం 8 గం 42 ని అని అక్షరాలతో రాస్తున్నాడు, ఎవరైనా అడిగితే చుక్కలు పెడితే అన్న తిడతాడని చెప్తున్నాడంట.